ఆదివాసీ నటుడికి ఇన్‌స్పెక్టర్ వేషం ఇవ్వండి: తెలుగు సినిమా, టీవీ, ఓటీటీ వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్మాతలకు, దర్శకులకు, రచయితలకు, నటీనటుల ఎంపిక చూసే మిత్రులకు,

నమస్కారం.

2025 సెప్టెంబరు 1న కెనడాలో గ్రాహం గ్రీన్ అనే నటుడు కన్నుమూశారు. ఆయనకు 73 ఏళ్లు. పేరు చెబితే మీలో కొందరికి వెంటనే గుర్తు రాకపోవచ్చు గానీ ముఖం చూపిస్తే గుర్తుపడతారు. డై హార్డ్ మూడో భాగంలో బ్రూస్ విల్లిస్‌తో కలిసి పనిచేసే న్యూయార్క్ డిటెక్టివ్ జో లాంబర్ట్ ఆయనే. ద గ్రీన్ మైల్‌లో అందరికంటే ముందు కరెంటు కుర్చీ ఎక్కే ఖైదీ ఆయనే. మన కుర్రకారు ఎగబడి చూసిన ట్వైలైట్ సినిమాల్లో రెండోదాంట్లో హ్యారీ క్లియర్‌వాటర్‌గా కనిపిస్తారు. ఈమధ్య చూసినవాళ్లకైతే, ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో మంచుకొండల మధ్య చిన్న ఇంట్లో భార్యతో కాపురముండే పెద్దాయన. తుపాకీ పట్టుకుని ఇంట్లో దూరిన హీరో ముందు ఆ ముసలి దంపతులిద్దరూ బెదరకుండా, ఒకరినొకరు దెప్పుకుంటూ కూర్చునే ఆ సీను నాకు చాలా ఇష్టం.

గ్రీన్ ఒనైడా అనే ఆదివాసీ జాతికి చెందినవారు. ఆయన గురించి మీకు ఎందుకు రాస్తున్నానంటే, నేను ఏజెన్సీలో ఒక గురుకులంలో తెలుగు పాఠాలు చెబుతాను. మా పిల్లల్లో కోయలు, కొండరెడ్లు, లంబాడీలు ఉన్నారు. వాళ్లకు సినిమా అంటే ప్రాణం. మీ హీరోల డైలాగులన్నీ వాళ్లకు నోటికొచ్చు. కానీ అంత ఇష్టంగా చూసే తెర మీద వాళ్ల మనిషి ఒక్కడు కనిపించడు. కనిపిస్తే గుంపులో కనిపిస్తాడు. ఒక ఆదివాసీ నటుడు నలభై ఏళ్లకు పైగా నాటకాల్లో, సినిమాల్లో, టీవీలో నిలదొక్కుకోవడానికి ఏమేం అవసరమయ్యాయో గ్రీన్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. అది చూస్తే మనం ఎక్కడ ఆగిపోయామో కూడా అర్థమవుతుంది.

మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆదివాసీల కథ తీసినప్పుడు ఆదివాసీ నటులకు వేషాలివ్వండి. ఆదివాసీల ఊసే లేని కథ తీసినప్పుడు కూడా ఇవ్వండి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

ఒంటారియో రాష్ట్రంలో గ్రాండ్ రివర్ ఒడ్డున సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతం ఉంది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అని ఆరు జాతులవాళ్లు అక్కడ ఉంటారు. 1952లో గ్రీన్ పుట్టిన ఓస్వెకెన్ ఆ ప్రాంతంలోని ఊరే. ఆయనకంటే నలభై ఏళ్ల ముందు, 1912లో అదే సిక్స్ నేషన్స్‌లో హెరాల్డ్ స్మిత్ అనే మోహాక్ పిల్లవాడు పుట్టాడు. పెద్దయ్యాక లక్రాస్ ఆటగాడిగా, బాక్సర్‌గా పేరు తెచ్చుకుని, హాలీవుడ్‌కు వెళ్లి, గుంపు వేషాలూ స్టంట్లూ చేసుకుంటూ చివరికి జే సిల్వర్‌హీల్స్ అన్న పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. 1949 నుంచి 1957 దాకా అమెరికా టీవీలో నడిచిన ద లోన్ రేంజర్ సీరియల్లో టోంటో ఆయనే. ముసుగేసుకున్న తెల్ల హీరో వెంట గుర్రం మీద తిరిగే నమ్మినబంటు వేషం అది. అమెరికాలో ఆ ముఖం తెలియని ఇల్లు లేదు. కానీ అన్నేళ్లూ ఆయన చేత పలికించింది అతుకుల బొతుకుల ఇంగ్లిషు. బయట ఆయన మాట్లాడే ఇంగ్లిషు అందరిలాగే చక్కగా ఉండేది. తెర మీద మాత్రం క్రియాపదాలు సరిగా కూర్చలేని మనిషిలా మాట్లాడాలి. ఆదివాసీ అంటే అలాగే మాట్లాడతాడని రాసేవాళ్లు అనుకున్నారు, చూసేవాళ్లు నమ్మారు.

సిల్వర్‌హీల్స్ ఊరుకోలేదు. 1960లలో లాస్ ఏంజెలిస్‌లో ఆదివాసీ నటులకు శిక్షణ ఇచ్చే వర్క్‌షాప్ పెట్టారు. 1979లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చెక్కారు. మరుసటి ఏడాది పోయారు. ఆ తర్వాత 2013లో డిస్నీ అదే కథను పెద్ద బడ్జెట్‌తో మళ్లీ తీసింది. ఈసారి టోంటో వేషం వేసింది జానీ డెప్. 1949లో టీవీవాళ్లు ఒక మోహాక్ నటుణ్ని వెతికి పట్టుకోగలిగారు. అరవై నాలుగేళ్ల తర్వాత, అంతకంటే ఎన్నో రెట్లు డబ్బున్న కంపెనీ పేరున్న స్టార్‌కే ఆ వేషం కట్టబెట్టింది. కాలం గడిస్తే ఇవన్నీ వాటంతట అవే బాగుపడతాయని ఎవరైనా అంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

దీనికి ముందు ఇంకో ఘోరం ఉంది. 1971లో అమెరికా టీవీలో ఒక ప్రకటన వచ్చేది. రోడ్ల మీద, నదుల్లో చెత్త పారేసే జనాన్ని చూసి ఈకలు కట్టుకున్న ఒక ఆదివాసీ కంటతడి పెడతాడు. దేశమంతా ఆ ముఖానికి కరిగిపోయింది. ఆ నటుడి పేరు ఐరన్ ఐస్ కోడీ. ఆయన నిజానికి ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. జీవితమంతా ఆదివాసీనని చెప్పుకునే వేషాలు వేశాడు. నిజమైన ఆదివాసీ నటులు పని దొరక్క తిరుగుతున్న రోజుల్లోనే ఇదంతా జరిగింది.

గ్రీన్ దగ్గరికి వస్తాను. ఆయన నేరుగా నటుడు కాలేదు. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు, ఇనుప పని చేశారు, రాక్ బ్యాండ్లకు సౌండ్ చూసుకున్నారు. 1974లో టొరంటోలో ఆదివాసీ యువత కోసం పెట్టిన నేటివ్ థియేటర్ స్కూల్లో చదువుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు నాటకాలే ఆయన బడి. టీవీలో మొదటిసారి కనిపించింది 1979లో, ఒక సీరియల్లోని ఒక్క ఎపిసోడ్‌లో. మొదటి సినిమా 1983లో. ప్రపంచం గుర్తించింది 1990లో. అంటే నాటకాల బడికీ ఆ గుర్తింపుకూ మధ్య పదహారేళ్లున్నాయి. ఆ పదహారేళ్లూ ఆయనను నిలబెట్టింది టొరంటో నాటకరంగం. అక్కడ 1982లో నేటివ్ ఎర్త్ అనే ఆదివాసీ నాటక సంస్థ మొదలైంది. టామ్సన్ హైవే అనే క్రీ రచయిత రాసిన నాటకంలో నటించినందుకు గ్రీన్‌కు అక్కడి పెద్ద నాటక పురస్కారం డోరా వచ్చింది. ఆదివాసీ రాసిన నాటకం, ఆదివాసీ నడిపిన సంస్థ, ఆదివాసీ నటుడు. సినిమావాళ్లు ఆయన తలుపు తట్టే సమయానికి ఆయన పండిన నటుడు. ఈ నాటకాల సంగతి మీరు తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. మన వెండితెర తొలినాళ్ల నటుల్లో చాలామంది రంగస్థలం మీద నలిగి వచ్చినవాళ్లే కదా.

కెరీర్ మొదట్లో తనకు ఎలాంటి వేషాలు వచ్చేవో గ్రీన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నారు. ఆదివాసీలు ఇలా మాట్లాడతారని ఎవరో ఊహించుకుని రాసిన మాటలే పలకాలి. నవ్వకూడదు. ముఖం బిగించుకుని ఉండాలి. మాటకంటే మూలుగు ఎక్కువ ఉండాలి. లోపలికి అడుగుపెట్టాలి కాబట్టి కొన్నాళ్లు ఒప్పుకున్నానని, కానీ తనకు తెలిసిన ఆదివాసీల్లో ఎవరూ అలా ఉండరని, తమవాళ్లలో హాస్యం పుష్కలంగా ఉంటుందని ఆయన అన్నారు. ఈ మాటలు చదివినప్పుడు నేను మా ఊరి సంత గురించి ఆలోచించాను. కోయ పెద్దమ్మలు ఇప్పపువ్వు, చింతపండు అమ్ముకుంటూ బేరగాళ్ల మీద వేసే జోకులు వింటే మీ కామెడీ ట్రాకులు వెలవెలబోతాయి. ఆ నవ్వు మన తెర మీద నేను ఇంతవరకూ చూడలేదు.

1990లో వచ్చిన డాన్సెస్ విత్ వుల్వ్స్‌లో గ్రీన్ వేసిన వేషం కికింగ్ బర్డ్ అనే లకోటా పెద్ద. ఆయన ఒనైడా. లకోటా భాష ఆయనది కాదు, నేర్చుకున్నారు. దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్ ప్రాంతానికి చెందిన లకోటా ఉపాధ్యాయురాలు డోరిస్ లీడర్ ఛార్జ్ డైలాగులను లకోటాలోకి తెచ్చి నటులకు నేర్పారు, ఆ సినిమాలో తానూ ఒక వేషం వేశారు. ఆదివాసీలు తమలో తాము మాట్లాడుకునేదంతా లకోటాలోనే నడుస్తుంది, కింద ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. అంత పెద్ద సినిమాలో ఇది అప్పటికి అరుదు. ప్రేక్షకులకు అర్థం కాదేమోనన్న భయంతో ఆ పని మానుకోలేదు. సినిమాకు ఏడు ఆస్కార్లు వచ్చాయి.

అందులో ఒక సీను మీకు గుర్తుచేస్తాను. మైదానంలో ఒంటరిగా ఉంటున్న సైనికుడు డన్‌బార్ దగ్గరికి లకోటాలు మొదటిసారి మాట్లాడదామని వస్తారు. ఒకరి భాష ఒకరికి రాదు. అడవిదున్నలు వచ్చాయా అని అడగాలి అతనికి. దుప్పటి వీపు మీద మూపురంలా కుక్కుకుని, తల పక్కన వేళ్లు కొమ్ముల్లా పెట్టుకుని, నేల మీద పాకుతాడు. పక్కనున్న లకోటా యోధుడికి ఇతనికి మతి పోయిందనిపిస్తుంది. కెమెరా గ్రీన్ ముఖం మీద ఉంటుంది. ముందు అయోమయం, తర్వాత ఆసక్తి, తర్వాత కళ్లలో చిన్న వెలుగు. అర్థమైంది. తన భాషలో దాని పేరు చెబుతాడు. అక్కడ గ్రీన్‌కు డైలాగు దాదాపు లేదు. అయినా ఆ రెండు నిమిషాల్లో తెలివి, కుతూహలం, మర్యాద అన్నీ కనిపిస్తాయి. తెర మీది ఆదివాసీకి అంతకుముందు ఇవి దొరికేవి కావు. ఇంకో చోట రాత్రి గుడారంలో భార్యతో మాట్లాడుతూ ఉంటాడు. తన ఇంట్లో పెరిగిన అమ్మాయి ప్రేమలో పడిందన్న సంగతి ఊరంతటికీ తెలిసినా ఆయనకు తెలియదు. భార్య చెబితే తెల్లమొహం వేస్తాడు. భార్యగా వేసింది టాంటూ కార్డినల్, ఆల్బెర్టా నుంచి వచ్చిన ఆదివాసీ నటి. ఊరికి పెద్ద, ఇంట్లో మాత్రం అన్నీ చివర తెలిసే మగాడు. ఇలాంటివాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? ఆ సీను చూసిన తర్వాత ఆ మనిషి పరాయివాడు అనిపించడు.

ఆ వేషానికి గ్రీన్‌కు ఉత్తమ సహాయనటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆయనకు ఇరవై ఏళ్ల ముందు లిటిల్ బిగ్ మ్యాన్ సినిమాకు చీఫ్ డాన్ జార్జ్‌కు అదే నామినేషన్ వచ్చింది. ఆస్కార్ నటనా విభాగంలో నామినేషన్ అందుకున్న మొదటి ఉత్తర అమెరికా ఆదివాసీ నటుడు ఆయనే, అప్పటికి డెబ్బై దాటినవాడు. ఒకరి తర్వాత ఇంకొకరికి ఇరవై ఏళ్లు పట్టింది. 2019లో చెరోకీ నటుడు వెస్ స్టూడీకి గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు, ఇప్పటికి వేళయింది అన్న అర్థం వచ్చేలా ఆయన అన్న మాటలో సంతోషంతో పాటు ఎన్నో ఏళ్ల ఆలస్యం కూడా వినిపించింది.

కానీ నాకు గ్రీన్ గొప్పతనం నామినేషన్ తర్వాత మొదలైనట్టు అనిపిస్తుంది. ఆ గుర్తింపు తర్వాత ఆయన జీవితాంతం ఈకల కిరీటంతో గుర్రం మీద కూర్చోవచ్చు, ఆ వేషాలు దొరికేవి కూడా. ఆయన అక్కడే ఆగలేదు. 1992లో థండర్‌హార్ట్‌లో మోటార్‌సైకిల్ మీద తిరిగే ఆదివాసీ పోలీసుగా, నగరం నుంచి దిగిన ఎఫ్‌బీఐ అధికారిని వేళాకోళం చేస్తూ నటించారు. 1995లో డై హార్డ్‌లో డిటెక్టివ్ లాంబర్ట్. ఆ వేషంలో ఆదివాసీ ప్రస్తావనే లేదు. న్యూయార్క్ పోలీస్ శాఖలో ఒక ఉద్యోగి, అంతే. కెనడా టీవీలో పిల్లల కార్యక్రమంలో చిరచిరలాడే చెట్టు వేషం వేశారు. ఆస్కార్ నామినేషన్ వచ్చిన నటుడు పిల్లల కోసం చెట్టుగా నిలబడ్డాడు, దానికి కెనడా టీవీ పురస్కారం కూడా అందుకున్నాడు. ఇంకో హాస్య కార్యక్రమంలో బాంబులంటే పిచ్చి ఉన్న ఒక వింత మనిషి. 2007లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో షేక్‌స్పియర్ నాటకంలో షైలాక్. 2017లో మాలీస్ గేమ్‌లో న్యాయమూర్తి. అదే ఏడాది విండ్ రివర్‌లో మళ్లీ ఆదివాసీ పోలీస్ అధికారి. చివరి ఏళ్లలో రిజర్వేషన్ డాగ్స్ అనే సిరీస్‌లో ఊరికి దూరంగా ఒంటరిగా, నక్షత్రాల నుంచి దిగివచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే ముసలాయన.

చూశారా, పోలీసు, జడ్జి, చెట్టు, షైలాక్, ఖైదీ, భర్త, పిచ్చివాడు. నటుడి బతుకు అంటే ఇది. మీ దగ్గర ఏ క్యారెక్టర్ ఆర్టిస్టుకైనా ఇలాంటి జాబితానే ఉంటుంది. ఆదివాసీ నటుడికి ఇది దొరకాలంటే మాత్రం ఎవరో ఒక దర్శకుడు కాగితం మీద రాసుకున్న ఇన్‌స్పెక్టర్ పాత్రను చూసి, దీనికి ఫలానా ఆదివాసీ నటుణ్ని పెడితే ఏం అని ఒక్క నిమిషం ఆలోచించాలి. ఆ ఒక్క నిమిషమే మన దగ్గర కరువైంది.

కెనడా స్వర్గమని నేను అనడం లేదు. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి లాక్కెళ్లి, భాష మాట్లాడితే కొట్టిన బళ్లు నడిపిన దేశం అది. గ్రీన్‌కు కూడా వచ్చిన వేషాల్లో పోలీసు పెద్దలు, తెగ పెద్దలు ఎక్కువే. ఆ స్థాయి నటుడికి ఎన్ని పెద్ద సినిమాల్లో ప్రధాన పాత్ర దక్కిందని చూస్తే బాధే మిగులుతుంది. కానీ ఒక నాటక బడి ఉంది, ఒక నాటక సంస్థ ఉంది, నెలనెలా ఏదో ఒక పని ఇచ్చే టీవీ ఉంది. మెట్లు ఉన్నాయి, ఆయన ఎక్కారు.

ఇప్పుడు మన సంగతి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో షెడ్యూల్డ్ తెగలవాళ్లు దాదాపు తొమ్మిది శాతం, ఆంధ్రప్రదేశ్‌లో ఐదు శాతానికి పైనే. గోండులు, కోయలు, కొండరెడ్లు, చెంచులు, సవరలు, జాతాపులు, బగతలు, కొలాములు, లంబాడీలు, యానాదులు, ఎరుకలు. ఇంతమందిలో ఒక్క ఆదివాసీ నటుడి పేరు చెప్పమంటే తెలుగు ప్రేక్షకుడు తడుముకుంటాడు. మారేడుమిల్లి అడవి మీకు కావాలి, పుష్ప అక్కడ తీశారు. అరకు మంచు మీకు కావాలి. ఆ అడవిలో పుట్టిన మనిషి ముఖం మాత్రం పాటలో వెనక వరుసకే పరిమితం. ఎన్ని సినిమాల్లో చూశాం? తెల్లటి ఒంటికి నల్లరంగు పూసి, ఆకులు చుట్టి, ఎముకల దండ వేసి, అర్థం లేని అరుపులు అరిపించి దాన్నే కోయడాన్స్ అన్నారు. మా పిల్లలు ఆ పాటలు టీవీలో వస్తే తలదించుకుంటారు. క్లాసులో మిగతా ఊళ్ల పిల్లలు వాళ్లను చూసి అవే అరుపులు అరుస్తారు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఆర్ఆర్ఆర్‌లో కొమురం భీమ్‌గా ఎన్టీఆర్ నటించారు. కొరడా దెబ్బల సీనులో నేను ఏడ్చాను, దాచుకోవడానికి ఏమీ లేదు. వందల కోట్ల సినిమాకు స్టార్ కావాలన్న లెక్క నాకు అర్థం కాని సంగతేమీ కాదు. హీరోను మార్చమని అడగడం లేదు. జోడేఘాట్ కొండల మీద 1940లో నేలకొరిగిన ఒక గోండు వీరుడి పేరు పెట్టుకుని ప్రపంచమంతా తిరిగిన సినిమా మన తెలుగు సినిమా. 2023లో ఆస్కార్ వేదిక ఎక్కిన సినిమా. ఇలాంటి కథ మళ్లీ తీసినప్పుడు హీరో పక్కన నిలబడే అన్న, తమ్ముడు, తల్లి, ఊరి పటేల్ పాత్రలకు ఉట్నూరు, కెరమెరి, జైనూరు వైపు వెళ్లి వెతకమని అడుగుతున్నాను. వాళ్ల చేత నాలుగు మాటలు గోండీలో పలికించండి. కింద తెలుగు అక్షరాలు వేయండి. కొరియన్ సిరీస్‌లను సబ్‌టైటిళ్లతో రాత్రంతా మేలుకుని చూసే జనం గోండీని చదువుకోలేరా?

నటులు దొరకరు అని మీరు అంటారు. ఇది నేను చాలాసార్లు విన్న మాట. మా బడి వార్షికోత్సవంలో జరిగింది చెబుతాను. తొమ్మిదో తరగతి కోయ కుర్రాడు ఒక చిన్న నాటికలో పోలీస్ ఇన్‌స్పెక్టర్. టోపీ డ్రిల్లు మాస్టారిది, వాడి తలకు పెద్దది. మాట్లాడుతుంటే జారి కళ్ల మీదికి వచ్చింది. వాడు తడబడలేదు. టోపీని చేత్తో పైకి నెట్టి, ఎదురుగా ఉన్న దొంగ వేషగాడి వైపు అనుమానంగా చూసి, నా టోపీ కూడా నువ్వే లాగుతున్నావా అన్నాడు. స్క్రిప్టులో ఆ మాట లేదు, రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు. తర్వాత అది జారినప్పుడల్లా మాట మధ్యలో ఆపి, దొంగ చేతుల వైపు చూసేవాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ పావుగంటా వాడు కోయ పిల్లవాడని ఎవరికీ గుర్తు లేదు, ఇన్‌స్పెక్టరే కనిపించాడు. మరి వాడు హైదరాబాద్ వచ్చి ఆడిషన్‌కు నిలబడితే మీరు ఏ వేషం ఇస్తారు? విల్లు, బాణం చేతికిస్తారని నా భయం.

దొరకరు అన్న మాటకు అమెరికాలో ఒక జవాబు చెప్పారు. వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్ (1975)లో చీఫ్ బ్రామ్డెన్‌గా నటించిన మస్కోగీ నటుడు విల్ శాంప్సన్ 1980లలో ఆదివాసీ కళాకారుల పేర్లతో ఒక రిజిస్ట్రీ ఏర్పాటులో ముందు నిలిచారు. నటులు కావాలంటే ఇదిగో జాబితా అని సినిమావాళ్ల ముందు పెట్టారు. శాంప్సన్‌ది ఓక్లహామాలోని ఒక్మల్గీ ప్రాంతం. 2021లో మొదలై మూడు సీజన్లు నడిచిన రిజర్వేషన్ డాగ్స్‌ను తీసింది ఆ ఒక్మల్గీలోనే. రచయితలు, దర్శకులు, ముఖ్య నటులు అందరూ ఆదివాసీలే. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిల అల్లరి, ఊరి ముసలివాళ్ల ముచ్చట్లు, చావులు, నవ్వులు. ఎవరినీ దేవుళ్లను చేయలేదు, ఎవరినీ జాలిగా చూపలేదు. గ్రీన్, వెస్ స్టూడీ, టాంటూ కార్డినల్ లాంటి పెద్దవాళ్లు అందులో ఆ పిల్లల పక్కన వచ్చి నిలబడ్డారు. అలాంటి సిరీస్ మన్ననూరులోనో, సీతంపేటలోనో జరిగినట్టు ఊహించుకోండి. ఓటీటీవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఇదే. థియేటర్ మొదటి వారం కలెక్షన్ టెన్షన్ మీకు అంతగా లేదు. చిన్న బడ్జెట్‌తో ఆరు ఎపిసోడ్లు తీయడం మీకు సాధ్యం.

మార్లవాయికి చెందిన గోండుల గుస్సాడీ నృత్య గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో పోయారు. వాళ్లు సభల్లో శాలువాలు కప్పించుకున్నారు, ఫోటోలు దిగారు. కథను గొంతులో పెట్టుకుని వందలమందిని గంటల తరబడి కూర్చోబెట్టే రామచంద్రయ్య గారి లాంటి మనిషిని మన సినిమా ఒక తాత పాత్రకు అడిగి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ చేతుల్లో ఉన్నవే అడుగుతాను. ఆడిషన్ ప్రకటనలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఊరుకోకుండా ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయాలకూ గురుకులాలకూ పంపండి. ఏడాదికి ఒక్కసారైనా మీ కాస్టింగ్ మనుషులు అక్కడికి వచ్చి రెండు రోజులు కూర్చోవాలి. పిల్లల్ని హైదరాబాద్ రమ్మంటే బస్సు చార్జీ, అక్కడ పడుకోవడానికి చోటు, ఆడపిల్ల అయితే తోడు, ఇవన్నీ వాళ్లకు గోడల్లా అడ్డం నిలుస్తాయి. లొకేషన్ కోసం మా ఊళ్లకు వచ్చినప్పుడు గుంపులో నిలబడేవాళ్లకు రోజుకూలీ ఇచ్చి పంపేయకుండా, వాళ్లలో ఒక్కరికైనా పేరున్న పాత్ర, రెండు డైలాగులు, టైటిల్స్‌లో పేరు ఇవ్వండి. టైటిల్స్‌లో పేరుంటే రెండో అవకాశం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. సీరియల్ వాళ్లు ఇంకా సులువుగా చేయగలరు. రోజూ ప్రసారమయ్యే సీరియల్లో నర్సు, లెక్చరర్, పక్కింటి అన్నయ్య, బ్యాంకు మేనేజర్ పాత్రలు ఎన్ని ఉంటాయి! నెలకు ఇరవై రోజులు కెమెరా ముందు నిలబడితే ఎవరైనా పని నేర్చుకుంటారు. గ్రీన్ కూడా నాటకాలతో పాటు ఎపిసోడ్‌కు ఎపిసోడ్ తిరిగే నేర్చుకున్నారు.

నాటక బడి గురించి కూడా ఆలోచించండి. చలనచిత్ర వాణిజ్య మండళ్లూ ప్రభుత్వాలూ కలిస్తే భద్రాచలంలోనో పాడేరులోనో వేసవిలో ఒక నెల నటన శిబిరం నడపడం పెద్ద ఖర్చు కాదు. మీ దర్శకుల్లో ఒకరు, మీ నటుల్లో ఇద్దరు వచ్చి పాఠం చెబితే చాలు. మేకప్, కెమెరా, కథ రాయడం కూడా నేర్పండి. రాసేవాడు వాళ్లలోంచి వచ్చినప్పుడు ఎముకల దండలు వాటంతట అవే పోతాయి.

ఒక మాట రచయితలకు. మీరు రాసే పాత్రకు కులం, ఊరు ఏమీ చెప్పాల్సిన పని లేనప్పుడు దాన్ని ఖాళీగా వదిలేయండి. తహసీల్దార్ అని రాయండి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అని రాయండి. హీరోయిన్ స్నేహితురాలు అని రాయండి. ఆ ఖాళీలో ఎవరైనా కూర్చోవచ్చని మీ కాస్టింగ్ డైరెక్టరుకు చెప్పండి.

మా బడిలో ఆ కుర్రాడు ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు. నాటికలు ఇంకా వేస్తున్నాడు. వచ్చే సంక్రాంతి సెలవుల తర్వాత మీలో ఎవరైనా ఆడిషన్ పెడతామంటే గురుకులం హాలు ఇప్పించే పూచీ నాది. టీచర్లం కలిసి పిల్లలను పోగుచేస్తాం, భోజనం మేమే చూసుకుంటాం. మీరు తేదీ చెప్పండి.

ఇట్లు,
ఏజెన్సీ గురుకులంలో ఒక తెలుగు పంతులు